బాపమ్మ దుబాయి చెవులు

మా మేనకోడలు నిఖిత ఈ మధ్య నా చెవులను కొలువులో పెట్టుకుంది. జీతమేమీ లేదు. ఆదివారం వచ్చేటప్పుడు బేకరీ నుంచి ఉస్మానియా బిస్కెట్ల పొట్లం తెస్తుంది, చాయ్ మాత్రం నేనే పెట్టుకోవాలి. ఆ పిల్ల చేసే పనేమిటో కరీంనగర్‌లో మా గల్లీ వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. పాటలు వినడానికి చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లను కంపెనీల నుంచి తెప్పించుకుంటుంది. నాలుగు రోజులు విని, దేని చప్పుడు బాగుంది, దేని తయారీ బాగుంది అని ఇంటర్నెట్‌లో రాస్తుంది. "వినుడు గూడ ఒక నౌకరేనా టీచరమ్మా?" అని పక్కింటి ఆవిడ ఆశ్చర్యపోయింది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు తెలుగు పాఠం చెప్పి, నా మాట ఒక్కరూ సరిగా వినలేదన్న బాధతో రిటైరైన నాకైతే, వినడమే పనిగా పెట్టుకున్న మనిషి మా ఇంట్లో పుట్టినందుకు సంతోషంగానే ఉంది.

నిఖితది ఒకటే పట్టు. తీగ ఉండాలి, చెవిని మొత్తం కప్పాలి. తీగ లేని వాటి గురించి అందరూ రాస్తారట. "తీగల నుంచి వచ్చే చప్పుడు నిండుగ వస్తది అత్తమ్మా, మధ్యల ఏం తగ్గది" అంటుంది. నాకు ఆ సంగతి తెలియదు కానీ తీగ ఉన్న వస్తువును పోగొట్టుకోలేం. ఎక్కడ పెట్టినా ఒక కొస కనబడుతుంది, లాగితే వస్తుంది. నా కళ్లద్దాలకు కూడా అట్లాంటి తీగ ఒకటి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. వయసులో ఉన్న చెవులతో విని అందరూ రాస్తారు, అరవై దాటిన చెవులకు ఎట్లా వినబడుతుందో ఎవరూ రాయరని ఆమె లెక్క. అందుకని ప్రతి ఆదివారం మా ముందు గదిలో పరీక్ష జరుగుతుంది. నేను కుర్చీలో, నిఖిత నోటు పుస్తకంతో నేల మీద, ఎదురుగా మంచం మీద మా అవ్వ, అంటే నన్ను కన్న అమ్మ. మా అవ్వకు ఎనభై దాటాయి. "ఇగ మొదలువెట్టిండ్రు" అంటూ గోడ వైపు తిరిగి పడుకుంటుంది కానీ ఆమె చెవులు మాత్రం మా వైపే ఉంటాయి.

ఆ ఆదివారం మూడు పెట్టెలు తెచ్చింది. మొదటిది మహా సోకుగా ఉంది, నల్లగా నిగనిగలాడుతూ, అంచున వెండి గీతతో. పెట్టుకుంటే పాటంతా డప్పు కిందే పోయింది. "పాడేటాయన ఎక్కడున్నడే? బరాత్‌ల అందరికంటే ఎనుక నడుస్తున్నట్టున్నడు" అన్నాను. నిఖిత నవ్వుతూ రాసుకుంది. రెండోది దూది లాగా మెత్తగా ఉంది, పాట కూడా బాగానే వినబడింది, కానీ పది నిమిషాలకు చెవులు ఉడికిపోయాయి. కరీంనగర్ ఎండల్లో చెవులకు తోలు గంతలు కట్టే ఈ వస్తువును ఏ చల్లటి దేశంలో కూర్చుని తయారు చేశారో అనిపించింది. మూడోదాన్ని పెట్టెలోంచి తీస్తూనే నిఖిత మూతి ముడిచింది. పెద్దది, బరువైనది, రెండు డిప్పల మీదా ఇనుప జాలీ. "దీని డిజైన్ మంచిగలేదు అత్తమ్మా. జాలీ నుంచి లోపలి చప్పుడంత బయటికొస్తది. బస్సుల పెట్టుకుంటే పక్క సీటోళ్లు గూడ వినచ్చు" అంది. అయినా పెట్టుకున్నాను. పాట మొదలయ్యే ముందు పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం వినబడింది. పెదవులు విడిపోయిన చిన్న చప్పుడు కూడా వినబడింది.

"ఇది మంచిది" అన్నాను.

"పాట మంచిగ వినవడుతుందా?"

"పాట సంగతి తర్వాత. పాట కంటె ముందు ఊపిరి వినవడ్డది."

నిఖిత రాయడం ఆపి నా వైపు చూసింది. "గిట్ల వినుడు నీకు ఎవలు నేర్పిండ్రు అత్తమ్మా?"

"మా బాపమ్మ" అన్నాను. బాపమ్మ అంటే మా బాపుకు, అంటే నాన్నకు తల్లి, నిఖితకు ముత్తవ్వ. ఆ మాట వినగానే గోడ వైపు పడుకున్న అవ్వ గభాలున ఇటు తిరిగి, "మా అత్త దుబాయి చెవుల ముచ్చటనా?" అంది. ఇందాక ఆ మూడోదాని బరువు తల మీద పడగానే నా ముక్కుకు బీడీల తునికాకు వాసన ఎందుకు తగిలిందో నాకు అప్పుడు అర్థమైంది.

నా చిన్నప్పుడు మేము లక్సెట్టిపేటలో ఉండేవాళ్లం. పెంకుటిల్లు, ముందు అరుగు, లోపల ఒకే పెద్ద గది. ఆ గదిలోనే వంట, పడక, నా చదువు, చుట్టాలొస్తే వాళ్ల సామాను. బాపమ్మ, అవ్వ, చిన్నబాపు అంటే మా బాపు తమ్ముడు, నేను, నిఖిత తండ్రి అయిన మా తమ్ముడు. బాపు మస్కట్‌లో కరెంటు పని చేసేవాడు. మా వైపు మస్కట్ పోయినా, సౌదీ పోయినా, కువైట్ పోయినా దుబాయి పోయినట్టే లెక్క. పొద్దున్నే అవ్వ తునికాకు కట్టలు నీళ్లలో తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టేది. వండి అందరికీ పెట్టాక, గడప పక్కన కాళ్లు చాపి కూర్చుని ఒళ్లో చాట పెట్టుకునేది. కత్తెరతో ఆకు కత్తిరించే కరకర, తంబాకు ఘాటు, వేళ్ల మధ్య బీడీ చుట్టి దారం బిగించే ఒడుపు, ఇవి లేని మధ్యాహ్నం నాకు గుర్తు లేదు. ఎవరు వచ్చినా, ఏం మాట్లాడినా ఆ కత్తెర ఆగేది కాదు. అవ్వది మాట తక్కువ, కత్తెర ఎక్కువ. బాపమ్మకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినబడదని ఆమె నమ్మకం. ఆమె గుసగుసలాడితే పక్క గల్లీ వాళ్లు జవాబు చెప్పేవాళ్లు.

అవ్వ పేరు కనకలక్ష్మి. ఆ పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా పనికొచ్చేది కాదు. బాపమ్మ కనకవ్వా అని పిలిచేది, గల్లీ ఆడవాళ్లు సుగుణోళ్లవ్వ అనేవాళ్లు. సుగుణ అంటే నేను. బాపు ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమెను 'ఏమే' అనేవాడు, అదీ బాపమ్మ దగ్గరలో లేనప్పుడు. బాపమ్మ ఉంటే గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. తల్లి ముందు పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే మగవాడిని మా గల్లీలో నేను చూడలేదు. అది తప్పని కూడా ఎవరూ అనుకోలేదు, అలవాటు అట్లా ఉండేది.

బాపు ఉత్తరాలు రాసేవాడు కాదు. క్యాసెట్ పంపేవాడు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లెవరో ఒకరు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఒకవైపు బాపు మాట్లాడేవాడు, రెండో వైపు మా జవాబు కోసం ఖాళీగా వదిలేవాడు. మేము మొదటి వైపు విని, రెండో వైపు మా ముచ్చట్లు నింపి, ఆ మనిషి తిరిగి పోయేటప్పుడు అదే క్యాసెట్ పంపేవాళ్లం. కాబట్టి బాపు గొంతు మా ఇంట్లో ఎన్నడూ రెండు నెలలకు మించి నిలవలేదు. క్యాసెట్ వచ్చిన రోజు సగం గల్లీ మా అరుగు మీదే ఉండేది. బాపు వరుసగా అందరినీ పలకరించేవాడు. అవ్వా, చెవి ఎట్లున్నది? తమ్మీ, బర్రె ఈనిందా? సుగుణా, చదువుతున్నవా? పక్కింటి లచ్చవ్వ మోకాలి నొప్పి కూడా మరిచిపోయేవాడు కాదు. చివరికి, "ఇగ ఇంట్ల అందరు పైలం" అని జాగ్రత్త చెప్పేవాడు. ఆ 'అందరు'లోనే మా అవ్వ ఉండేది. జవాబు నింపేటప్పుడు కూడా ఆమె వంతు ఆఖరు. గడప దగ్గర నుంచి లేవకుండానే, "మంచిగున్నం, పానం పైలం" అనేది. అవ్వకు చెప్పడానికి ఏమీ లేదు కాబోలని అప్పట్లో అనుకునేదాన్ని. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

టేప్ రికార్డర్ పెత్తనం నాది. ఏడో తరగతి చదివే ఆడపిల్ల చేతికి యంత్రం ఇచ్చినందుకు గల్లీలో కొందరికి కడుపుమంటగా ఉండేది. నల్ల మీట, ఎర్ర మీట కలిపి నొక్కితే మాట లోపలికి పోతుంది, నల్లది ఒక్కటే నొక్కితే బయటికొస్తుంది. దానికి జబ్బు కూడా ఒకటుంది. లోపల పాత చప్పుడును చెరిపే ముక్క అరిగిపోయిందని, అది సరిగా తుడవడం లేదని బాగుచేసే ఆయన చెప్పాడు. కొత్తది వేయించడం రేపు, మాపు అంటూ చిన్నబాపు దాటవేశాడు.

బాపుతో ఒకే గదిలో ఉండే ఖాజా మామ మా ఊరి వాడే. చెల్లెలి పెళ్లికని ఒకసారి పది రోజుల సెలవు మీద వచ్చాడు. వెళ్లిపోయే ముందు శనివారం మా ఇంటికొచ్చి, క్యాసెట్‌తో పాటు ఒక అట్టపెట్టె ఇచ్చాడు. "భాయ్ గీ రెండు కలిపి ఇయ్యిమన్నడు" అన్నాడు. గడప దగ్గర బీడీలు చుడుతున్న అవ్వ వైపు చూసి ఏదో చెప్పబోయి, మధ్యలో బాపమ్మను చూసి ఆగిపోయాడు. "రేపు పొద్దుమూకెటాల్లకు వస్త అమ్మా. సోమవారం తెల్లారంగనె బస్సు. జవాబు నింపి తయారు పెట్టుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

పెట్టె తెరిస్తే అత్తరు, కొత్త రెక్సిన్ కలిసిన వాసన వచ్చింది. గోధుమరంగు మెత్తలున్న రెండు పెద్ద డిప్పలు, వాటిని కలుపుతూ ఇనుప పట్టీ, చుట్టలు చుట్టలుగా సాగే లావుపాటి తీగ. చేతిలోకి తీసుకుంటే తూకపు రాయంత బరువుంది. దాన్ని ఎవరికి పంపాడని ఇంట్లో ఎవరమూ అనుమానపడలేదు. మొత్తం ఇంట్లో వినబడని మనిషి ఒక్కరే. "నా కొడుకు నాకు చెవులు పంపిండు!" అని బాపమ్మ గల్లీ అంతా వినేటట్టు చెప్పి తల మీద పెట్టుకుంది. నూనె రాసిన జుట్టు మీద అది జారుతుంటే గడ్డం కింద నుంచి గుడ్డ కట్టించుకుంది. తీగ కొసను కొంగుకు ముడేసుకుని, దేనికీ తగిలించకుండానే గల్లీ అంతా తిరిగొచ్చింది. అట్లా తిరిగితే కూడా జర మంచిగనే వినవడుతుందని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అందరం చేరాం. ముందు మామూలుగా అందరం మొదటి వైపు విన్నాం. తరువాత బాపమ్మ చెవులకు తగిలించి మళ్లీ అదే పెట్టాను. గుండ్రటి మీట చివరిదాకా తిప్పించింది. మొదటిసారి కొడుకు గొంతు పూర్తిగా విన్నదేమో, నోరు తెరుచుకుని విన్నది, కళ్లు తుడుచుకుంది. బాపు చెప్పిన ప్రతి మాటను మాకు అరిచి చెప్పింది, అప్పుడే మేము విన్న సంగతి మరిచిపోయి. ఆ తరువాత క్యాసెట్ తిప్పి, రెండు మీటలూ కలిపి నొక్కి మైకు ఆమె ముందు పెట్టాను. రెండో వైపు ఏముందో వినాలని ఎవరికీ తోచలేదు, అక్కడ ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు కాబట్టి.

బాపమ్మ పది నిమిషాలు మాట్లాడింది. బర్రె ఈనలేదని, దానికి మందు తాపితే కక్కిందని, పెంకులు పగిలి వాన గదిలోకి వస్తోందని చెప్పింది. "ఇంకో రెండేండ్లు ఉండు బిడ్డా, స్లాబు ఏసుకుందం, ఇంత ఎండకు నువ్వు పడ్డ కష్టానికి ఒక గుర్తు ఉండాలె" అంది. ఆమెకు ఒక అలవాటుంది. తను మాట్లాడింది తానే ఒకసారి విని, బాగుందనుకుంటేనే మైకు ఇంకొకరికి ఇచ్చేది. కాబట్టి వెనక్కి తిప్పి మళ్లీ ఆమె చెవులకు పెట్టాను. తన మాటలకు తానే తల ఊపుతూ విన్నది. బర్రె అయిపోయింది, పెంకులు అయిపోయాయి, స్లాబు అయిపోయింది. నేను ఆపడం మరిచిపోయాను.

ఆమె మాట ముగిసిన చోట బాపు గొంతు మొదలైంది.

నేను ఆమె మోకాలికి ఆనుకుని కూర్చున్నాను. మెత్తల సందులోంచి చప్పుడు బయటికి వస్తోంది. మిగతావాళ్లకు చిన్న గరగర లాగా వినబడి ఉంటుంది, నాకు మాత్రం మాటలు తెలిశాయి. "...గందుకే అడుగుతున్న. ఇంకో రెండేండ్లకు దస్కత్ పెట్టుమంటున్నరు. అవ్వనడిగితె ఉండు అంటది, తమ్ముడు గూడ గదే అంటడు. ఆళ్ల తప్పు లేదు. నిన్నైతె ఎవలు అడుగరు. నేను గూడ ఎన్నడు అడుగలే. ఇప్పుడు అడుగుతున్న. నువ్వు రమ్మంటె వస్త, ఉండుమంటె ఉంట. గీ చెవులకు పెట్టుకునేది నీకే పంపిన. నువ్వొక్కదానివే విను. జవాబు గూడ నువ్వొక్కదానివే చెప్పు."

బాపమ్మ చెయ్యెత్తింది, నేను ఆపాను. ఆమె గడ్డం కింద గుడ్డ ముడి విప్పుకుని, హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. గడప దగ్గర అవ్వ తల ఎత్తకుండా ఆకు కత్తిరిస్తోంది. బాపమ్మ ఆమెనే చాలాసేపు చూసింది. "ఏమన్నడే అవ్వా?" అని చిన్నబాపు అడిగితే, "ఏమన్లే. దీంట్ల ఏం లేదు, గరగర అంటుంది" అంది. వెంటనే మనుషుల్ని తరమడం మొదలుపెట్టింది. "నువ్వు పోయి బర్రెను కడుగు. లచ్చవ్వా, నీ పొయ్యి మీద ఏమున్నదో సూస్కో పో. పిలగాన్ని గూడ తీస్కపో." గది ఖాళీ అయ్యాక నా చెవి దగ్గరికి వంగి, జీవితంలో మొదటిసారి నిజంగా గుసగుసగా అడిగింది. "నా మాటలు పడ్డకాడ మొదలు ఏముండె బిడ్డా?"

"బాపు మాటలే ఉండచ్చు బాపమ్మా. చెరిగిపోయినై."

"అయ్యో" అంది. "నా బర్రె ముచ్చట వడ్డదే దాని మీద." ఆమె ముఖం అంత చిన్నబోవడం నేను అంతకు ముందు చూడలేదు. లేచి గడప దగ్గరికి వెళ్లి, "కనకవ్వా, చాట దించు" అంది. అవ్వ తంబాకు చేతులు తుడుచుకుంటూ బెదిరిపోయి లేచింది. బాపమ్మ తన చేతులతో హెడ్‌ఫోన్ కోడలి తలకు పెట్టి, జడ సర్ది, "ఇది నాది గాదు, నీది" అంది. నాతో, "నేను మాట్లాడింది ఒడిసినకాడి నుంచి పెట్టు. పెట్టి బయటికి రా" అంది.

ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. లోపల కత్తెర చప్పుడు లేదు. ఖాజా మామ వచ్చాడు. బాపమ్మ లోపలికి పోనివ్వలేదు, పక్కింటి నుంచి చాయ్ తెప్పించి తాగమంది. ఆయనకు సంగతి అర్థమై తల దించుకున్నాడు. "రెండో దిక్కు వదినె వినాలన్నడు భాయ్. మీ అందరి ముంగట ఆమెతోని ఎట్ల చెప్పాలె అమ్మా?" అన్నాడు. అవ్వ బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, క్యాసెట్ పిడికిట్లో ఉంది. "ఇది నేను ఇయ్య" అంది. ఇంట్లో దేనికీ ఇయ్యనని అనని మనిషి అట్లా అంది. ఇవ్వకపోతే జవాబు దేంట్లో నింపాలి? కొత్త క్యాసెట్ లేదు, మామ ఎక్కాల్సిన బస్సు ఆగదు. అప్పుడు బాపమ్మ లోపలికి పోయి, బట్టల మూటలోంచి తన ఒగ్గుకథ క్యాసెట్ తెచ్చింది. ఆమె ప్రాణం అది. రోజూ పొద్దున ఆ డోలు చప్పుడు వినకపోతే ఆమెకు చాయ్ దిగేది కాదు. "దీని మీద మాట్లాడుమను" అంది. కథ చెరగకుండా ఆ క్యాసెట్ పైన విరిచి ఉంచిన బెజ్జాలకు కాగితం ముక్క కుక్కి, రెండు మీటలూ నొక్కి నేను బయటికి వచ్చేశాను. అవ్వ ఏం మాట్లాడిందో, ఎంతసేపు మాట్లాడిందో ఈనాటికీ నాకు తెలియదు.

తరువాతి వానలు పడకముందే బాపు వచ్చేశాడు. మళ్లీ పోలేదు. లక్సెట్టిపేటలోనే మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. స్లాబు పడలేదు. బాపమ్మ ఆ పెంకుల కిందే పోయింది. స్లాబు లేదని ఆమె ఎన్నడూ సణగలేదు. సణిగి ఉంటే గల్లీ అంతటికీ వినబడేది కాబట్టి ఆ విషయం నేను గట్టిగా చెప్పగలను. హెడ్‌ఫోన్‌లో ఒక చెవి పాడైపోయాక, చలికాలం పొద్దుగాల చెవులు కప్పుకోవడానికి ఆమె మళ్లీ వాడుకుంది. బాపు మాత్రం జీవితమంతా అవ్వను ఏడిపించాడు. "మీ అవ్వ మాట్లాడుతుంటె కింద డోలు, తాళాలు. నన్ను రమ్మంటున్నదో, ఆమెకు పూనకం వచ్చిందో తెల్వలే" అనేవాడు. "మరి నువ్వు మొదట ఏమన్నవు? పది నిమిషాలు ఏం మాట్లాడినవు?" అని అవ్వ అడిగితే నవ్వి, "యాదికి లేదే" అనేవాడు. "మంచి మాటలన్ని మీ అవ్వ బర్రె తిన్నది" అని అవ్వ చాట దగ్గరికి జరుపుకునేది. అది సరదా మాట కాదని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. తనకోసం చెప్పిన మాటలు అవే మొదటివి, అవే పోయాయి. బాపు పోయిన తరువాత ఆమె ఇంకెవరినీ అడగలేదు.

ఇప్పుడు కరీంనగర్ బస్టాండులో నిలబడితే ప్రతి చెవిలో ఏదో ఒకటి ఉంటుంది. మా గల్లీ చివర ఇంటి కోడలు నడుస్తూనే దుబాయిలో ఉన్న మొగుడితో ఫోన్‌లో ముఖం చూసుకుంటూ పోట్లాడుతుంది, కూరగాయలు బేరం చేస్తూనే రాజీ పడుతుంది. అత్త గదిలోంచి లేచి పోవాల్సిన పని లేదు. చూస్తే నాకు ముచ్చటేస్తుంది, నిజం చెప్పాలంటే కొంచెం అసూయ కూడా. మా అవ్వకు ఆ మాత్రం చోటు ఒక్క మధ్యాహ్నం దొరికింది. దానికి మస్కట్ నుంచి యంత్రం రావాలి, బాపమ్మ మనసు కరగాలి, గల్లీ ఖాళీ కావాలి.

ఈ కథంతా విన్న నిఖిత చేతిలోని బిస్కెట్‌ను మళ్లీ పొట్లంలో పెట్టేసింది. "అత్తమ్మా, తాతకు కింద డోలు వినవడ్డదా?"

"గట్లనే చెప్పేటోడు."

"అంటే మీ టేప్ రికార్డర్ మొత్తం చెరుపలే. మరి ముత్తవ్వ మాటల కింద తాత గూడ ఉండాలె గదా?"

ఇన్నేళ్లలో ఈ ముక్క నాకు తట్టలేదు. ఇద్దరం అవ్వ వైపు చూశాం. ఆమె లేచి కూర్చుంది. క్యాసెట్ ఆమె ట్రంకు పెట్టెలో, చీరల కింద ఉందని నాకు తెలుసు. "వద్దు బిడ్డా" అంది. "మంచిగ మాట్లాడి ఉంటడు అనుకుంట ఇన్నేండ్లు బతికిన. ఇప్పుడు విన్నంక ఏం లేకపోతె?" ఆమె భయం న్యాయంగానే అనిపించింది.

వారం గడిచింది. నిఖిత ఎందుకైనా మంచిదని ఎక్కడో పాత టేప్ రికార్డర్ ఒకటి సంపాదించి, బాగుచేయించి తెచ్చింది. ఆదివారం చాయ్ తాగి గ్లాసు కింద పెడుతూ అవ్వ తానే అంది. "ఆ పెట్టె తాళం తియ్యి సుగుణా. వింట. ఇగ ఎన్నడు వినాలె నేను?"

నిఖిత ముందు తను పరీక్షించింది. ఆ నల్లటి సోకుదాంట్లో బాపమ్మ ఒక్కతే, ఇంతలావు గొంతుతో. మెత్తటిదాంట్లో బాపమ్మ, ఆమె వెనుక అవ్వ కత్తెర. మూడోది, ఆ జాలీ డిప్పలది పెట్టుకుని కాసేపు విని, తీసి అవ్వ తలకు పెట్టింది. నెరిసిన జుట్టు మీద అది జారకుండా నేను పట్టుకున్నాను. జాలీలోంచి బాపమ్మ బర్రె ముచ్చట సన్నగా బయటికి వస్తోంది. అవ్వ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. బీడీలు మానేసి ఎన్నేళ్లయినా ఆమె వేళ్లు ఊరికే ఏదో చుడుతూనే ఉంటాయి. ఆ వేళ్లు ఆగిపోయాయి. పది నిమిషాలు ఆమె కదలలేదు. తరువాత తీసి నాకు ఇచ్చింది.

నేనూ విన్నాను. బర్రె, మందు, పెంకులు. వాటి మధ్య కరకరమని కత్తెర. వీటన్నిటి కింద, పక్కింట్లో ఎవరో మాట్లాడుతున్నంత దూరంలో బాపు. "కనకా" అన్నాడు. తరువాత ఏమీ లేదు, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. మళ్లీ "కనకా". "ఖాజా, నువ్వు జర బయటికి పో భాయ్" అన్నాడు, తలుపు పడింది. ఊపిరి తీసుకోవడం వినబడింది. "కనకా." దగ్గు. చాలాసేపు ఊరుకున్నాడు. "కనకా." ఆరుసార్లు లెక్కపెట్టాను. బాపమ్మ స్లాబు దగ్గరికి వచ్చేదాకా ఆయన ఇంకొక్క మాట అనలేదు.

"తాత ఏమన్నడు నాయనమ్మా?" అని నిఖిత అడిగింది.

"ఏమన్లే" అంది అవ్వ. "పిలిచిండు."

ఆమె ముఖం కడుక్కున్నట్టు తేటగా ఉంది. నా చేతిలోంచి హెడ్‌ఫోన్ తీసుకుని, ఎవరి సాయమూ లేకుండా తానే తలకు పెట్టుకుంది. "బరువున్నది గని మంచిదే, రాసుకో" అని నిఖితకు చెప్పి, నా వైపు తిరిగింది. "మొదటికాంచి పెట్టు బిడ్డా. మా అత్తను గూడ విననీ."